గుట్ట మీద జరగని యుద్ధం

మ్యూజియంలో అందరూ ఆమెను మొండిఘటం అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మ్యూజియం డైరెక్టరు, అంటే సాక్షాత్తూ ఆమె మేనమామ. చిన్నప్పుడు వేలు పట్టుకుని గుట్ట ఎక్కించి, "మనవాళ్లు యుద్ధం గెలిచింది ఇక్కడే" అని చూపించిందీ ఆయనే. ఇప్పుడా గుట్ట మీద పాలరాతి స్తంభం లేచింది. దాని మీద చెక్కే నాలుగు మాటలు రాసే పని, మ్యూజియంలోనే ఉద్యోగం చేస్తున్న మేనకోడలికి అప్పగించాడు.

రాసేముందు ఆమె, ఆ యుద్ధంలో పోరాడిన ఒక సిపాయి చెప్పిన కథనాన్ని మళ్లీ చదివింది. సాయంత్రపు ఎండ తమ కళ్లలో కొట్టిందనీ, ఏరు తమకు ఎడమచేతి వైపు ఉందనీ అతను చెప్పాడు. అంటే పడమటికి తిరిగి ఉన్నారు, ఏరు దక్షిణాన ఉంది. కానీ గుట్ట దగ్గర ఏరు పారేది ఉత్తరాన. పాపం, కంగారులో కుడిఎడమలు తారుమారు చేశాడని పండితులంతా ఎప్పుడో తేల్చేశారు.

కత్తి పట్టినవాడికి తన కుడిచెయ్యేదో తెలియదా అని ఆమెకు ఒళ్లు మండింది.

గుట్టకు దక్షిణాన పాత ఇటుకబట్టీల పల్లం ఉంది. అక్కడ గోడౌన్లకు పునాదులు తవ్వుతుంటే వెళ్లి గోతుల్లోకి దిగి చూసింది. నల్లమట్టి కింద ఏటి ఇసుక, నున్నటి గులకరాళ్లు, ఆల్చిప్పలు. ఏరు ఒకప్పుడు ఇక్కడే పారింది. సిపాయి పొరబడలేదు, ఏరే దారి మార్చుకుంది.

లోహాలను పసిగట్టే యంత్రమున్న స్నేహితురాలిని వెంటబెట్టుకుని ఆ పాత ఏటిగట్టు పొడవునా వెతికింది. దోసిళ్లకొద్దీ సీసపు తుపాకీ గుళ్లు దొరికాయి. గుట్టంతా గాలించినా సోడా మూతలు తప్ప ఏమీ దొరకలేదు.

ఆ గుళ్లు తీసుకెళ్లి మామయ్య బల్ల మీద పోసింది. చెప్పిందంతా విని ఆయన కళ్లజోడు తీసేశాడు.

"స్తంభం నిలబెట్టేశాం. మంత్రిగారు వస్తున్నారు. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలాగే?"

"కుందేల్ని పట్టింది మీరు మామయ్యా. నేను కాళ్లు లెక్కపెట్టానంతే."

"ఒక్క మాట రాయడానికి నీకేం నొప్పి? ఇక్కడే అని రాసి పారెయ్."

"రాయను."

చివరికి ఆ మాట ఆయనే రాసి చెక్కించాడు. ప్రారంభం రోజున వక్తల్లో ఆమె పేరు ముందే వేసి ఉంది కాబట్టి పిలవక తప్పలేదు. మైకు ముందుకొచ్చి, "మనవాళ్లు చచ్చిపోయింది ఇక్కడ కాదు, అదిగో, ఆ పల్లంలో" అని వేలు చూపించింది. మైకు ఆపేశారు. గొంతు పెంచి మిగతాదంతా చెప్పే దిగింది.

మర్నాడే ఆమెను కింది అంతస్తులో, బూజుపట్టిన సామాన్ల గదికి మార్చారు. ఆమె సెలవు పెట్టి పల్లానికి వెళ్లింది. తవ్వకం యంత్రం గట్టు మీదికి వస్తుంటే గోతిలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అమ్మా, మా పొట్ట కొట్టకండి, లేవండి" అన్నాడు మేస్త్రి.

"అవతలి వైపు తవ్వుకో బాబూ, పని ఆగదు. ఈ గట్టు మాత్రం ముట్టుకోనివ్వను."

కబురు తెలిసి ఆమె తల్లి గొడుగుతో వచ్చింది. ఇంటికి రమ్మంటుందేమో అనుకుంది కూతురు. తల్లి గొడుగు చేతికిచ్చి, "మా తమ్ముడి సంగతి నేను చూసుకుంటా. నువ్వు మాత్రం కదిలావో, చూడు!" అంది.

ఆ గొడుగు ఫొటో పత్రికలో పడింది. దాంతో ప్రభుత్వం తవ్వకాల నిపుణులను పంపక తప్పలేదు. గట్టు కింద విరిగిన కత్తులు, ఒకరి మీద ఒకరు పడిపోయిన మనుషుల ఎముకలు బయటపడ్డాయి. ఆమె గోతి అంచున నిలబడి వాటిని చూసింది. గెలిచానన్న సంతోషం కలగలేదు. ఇన్నేళ్లూ వీళ్లను తొక్కుకుంటూ గుట్టకు దండాలు పెట్టామే అనుకుంది. గోడౌన్లు అవతలికి జరిగాయి.

మామయ్య ఓసారి సామాన్ల గదికి దిగి వచ్చాడు. తప్పు నాదని అనలేదు. గుమ్మంలోనే నిలబడి, "అయితే ఇప్పుడా గుట్టను ఏం చెయ్యమంటావే?" అన్నాడు.

"అలాగే ఉంచండి. యుద్ధం ఎక్కడ జరిగిందో చూపించడానికి ఎత్తైన చోటు కావాలిగా. ముందు ఆ 'ఇక్కడే' మాత్రం చెరిపించండి."

"చెరిపించకపోతే?"

"రోజూ అడుగుతాను."

ఆయన విసురుగా మెట్లెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు ఆఫీసు తెరవగానే ఆమె ఆయన గది తలుపు తట్టింది.