గుమ్మం తెరకు రెండు చిల్లులు

వంటింటికీ హాలుకీ మధ్య గుమ్మానికి ఇప్పుడు నీలం పూల తెర వేలాడుతోంది. దాని మడతల గీతలు ఇంకా పోలేదు. అత్తగారు బీరువాలోంచి తీసి అలాగే తగిలించేశారు. అంతకుముందు అక్కడ ఉన్నది ఆకుపచ్చ చారల తెర. దాని జత హాలు కిటికీకి ఇంకా ఉంది.

ప్లంబరు చనిపోయింది ఆ గుమ్మంలోనే.

అతనికి ఫోను చేసింది ఆ ఇంటి కోడలే. తను చిరిగిన బట్టలు అల్లే తన రఫూ షాపులో ఉంటాననీ, పెరటి తలుపు గడియ వెయ్యలేదనీ, తిన్నగా లోపలికెళ్ళి కొళాయి చూసుకోమనీ చెప్పింది. "మీ కొళాయి చల్లగా ఉండాలక్కా, నా సంసారం దాని మీదే నడుస్తోంది," అన్నాడతను. ఎప్పుడొచ్చినా ఆ మాట అనకుండా వెళ్ళేవాడు కాదు. నీళ్ళు ఆపే వాల్వు హాలు దాటాక బాత్రూంలో ఉంది. దానికోసమే పానా పట్టుకుని హాలు వైపు నడిచి ఉంటాడు.

హాల్లో ఆమె భర్త ఉన్నాడు. పెట్రోలు బంకు డబ్బు ఇంటికి తెచ్చే మనిషి కాబట్టి అతని దగ్గర లైసెన్సున్న పిస్తోలు ఉండేది. రెండుసార్లు కాల్చాడు.

అప్పుడు అత్తగారు మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్నారు. చప్పుడు విని కిందికి వచ్చారు. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు దుప్పటికి మరకైందా అని అడిగే మనిషి ఆవిడ. పోలీసులు వచ్చేలోపే రక్తం అంటిన తెరని తీసి చన్నీళ్ళ బకెట్లో నానేశారు. "నా చేతులు వాటంతట అవే చేసేశాయి," అని తరవాత కోడలితో అన్నారు.

పోలీసులు పిస్తోలూ పానా తీసుకెళ్ళారు. ఆమె భర్తని ప్రశ్నలడిగి, పిలిస్తే రావాలని చెప్పి ఇంటికి పంపారు. దొంగ మీదికొస్తే ఏ మగాడైనా ఏం చేస్తాడని చుట్టుపక్కలవాళ్ళు భుజం తట్టి వెళ్ళారు. ప్లంబరు భార్య మాత్రం స్టేషన్లో ఒకే మాట పట్టుకుని కూర్చుందట. "పనికెళ్ళినవాడి చేతిలో పానా కాకపోతే ఏముంటుందయ్యా?"

ఈ పొద్దున లాయరు వచ్చాడు. సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

"ఇందులో చూసినవాళ్ళు లేరు సార్. అందుకని వస్తువులే సాక్ష్యం చెప్తాయి. కోర్టు అడిగేది ఒక్కటే. ఎదురుగా వస్తున్నది చూసి, ప్రాణభయంతో కాల్చారా, చూడకుండా కాల్చారా? చూసి కాల్చారంటే ఆత్మరక్షణ అని వాదిస్తాను. చూడలేదంటే నా నోరు కట్టేసినట్టే."

"చూశానండీ. తెర పక్కకి నెట్టి, పానా ఎత్తి మీదికొచ్చాడు," అన్నాడు భర్త.

"మంచిది. పక్కకి నెట్టిన తెరకి తూటా తగలదు. మరి ఆ తెర ఏది?"

లాయరు లేచి గుమ్మానికున్న నీలం తెర అంచు పట్టుకున్నాడు.

"కిటికీ తెరకీ దీనికీ జత కుదరలేదని ఇన్‌స్పెక్టరు పట్టేశాడు. మడత గీతలు కూడా చూశాడు. పాతది తీసిపెట్టమన్నాడు. రేపు పొద్దున వస్తాడు."

"ఉతికేశాను బాబూ. మరకలతో ఎవరుంచుకుంటారు?" అన్నారు అత్తగారు.

"ఉతికితే ఉతికారు పెద్దమ్మా. పెద్దావిడ తెలియక చేసిందంటే ఒప్పుకుంటారు. తెర మాత్రం ఉండాలి. బాగుండాలి." ఆ చివరి మాట అంటూ లాయరు ఎవరి వైపూ చూడలేదు.

అతను వెళ్ళగానే భర్త మేడ మీద నుంచి తెర తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నీ పనే కదా ఇది. రేపటికి కంటికి ఆనకూడదు."

ఆమె తెరని మోకాళ్ళ మీద పరిచింది. ఛాతీ ఎత్తులో రెండు చిల్లులు, పక్కపక్కనే. సిగరెట్టు పడి కాలిన కోట్లూ, ఎలుకలు కొట్టిన శాలువాలూ ఆమె చేతిలో మళ్ళీ కొత్తవయ్యేవి. అదే బట్టలోంచి పోగులు లాగి అల్లితే ఈ చిల్లులూ అలాగే మాయమవుతాయి. మధ్యాహ్నం దాకా పని, అంతే. దాంతో భర్త బయటపడతాడు. ఈ ఇంట్లోనే, ఈ కుర్చీలోనే కూర్చుంటాడు.

నెట్టిన తెర అయితే బట్ట కుచ్చిళ్ళుగా ముడుచుకుంటుంది. ఒక్క తూటా దూసుకుపోయినా ముడత ముడతకీ చిల్లు పడుతుంది. ఇక్కడ తూటాకి ఒక్కటే ఉంది.

"తెర వేలాడుతూనే ఉందప్పుడు," అంది.

"అయితే?"

"మీరతన్ని చూడలేదు."

"అడుగుల చప్పుడు విన్నాను. సరిపోదూ?"

"ఎవరూ అని ఒక్క మాట అడగలేకపోయారా?"

"ఇంట్లోకి దూరినవాణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అడగాలా?" అని నవ్వబోయాడు. "ఆ టైములో పెరటి వైపు నుంచి ఎవరొస్తారు మనింటికి?"

అత్తగారు పళ్ళెంలో బఠానీలు ఒలుస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "అదేం మాటరా? ఆ టైముకి అటు నుంచి వచ్చేది కోడలే కదా. రోజూ షాపు కట్టేసి అటే వస్తుంది."

ఆవిడ వేళ్ళు కాయ మీదే ఆగిపోయాయి.

భర్త తల్లిని చూశాడు. తరవాత కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"సరేలే," అన్నాడు.

అతను కోపంగా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. అతనికి ఇష్టం లేని మాటలన్నిటికీ ఆ ఒక్క పదమే జవాబు. సరేలే అన్నాడంటే ఆ సంగతి అతని లోపల ఎక్కడో మొదలైందని అర్థం. ఒకసారి చుట్టాలింటికి వెళ్తానంటే సరేలే అన్నాడు. మర్నాడు పొద్దున్న చూస్తే ఆమె చెప్పులు బావిలో తేలుతున్నాయి. ప్లంబరు పోయిన రోజు పొద్దున ఆమె ఇంకో మాట చెప్పింది. షాపు మీద గది ఖాళీగా ఉందనీ, అడ్వాన్సు ఇచ్చేశాననీ, ఒకటో తారీఖు నుంచి అక్కడే ఉంటాననీ. అతను చేతిలో ఉన్న టీ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, సరేలే అన్నాడు. సాయంత్రం ఒక కోటు పని తెమలక ఆమెకి ఆలస్యమైంది.

ఆమె తెరని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికి?"

"సన్న సూదులు షాపులో ఉన్నాయి. ఇక్కడున్న వాటితో చేస్తే తెలిసిపోతుంది."

"పద, కారులో దింపుతాను. అయ్యేదాకా అక్కడే కూర్చుంటాలే."

అతను తాళాలు అందుకున్నాడు. అప్పుడు అత్తగారు లేచారు. లేస్తూ పళ్ళేన్ని చూసుకోలేదు. బఠానీలు నేలంతా దొర్లాయి. నేల మీద మెతుకు పడితే ఊరుకోని మనిషి, వాటిని తొక్కుకుంటూ వచ్చి కొడుకు మణికట్టు పట్టుకున్నారు.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయిరా. నా దగ్గర కూర్చో."

"అమ్మా, వదులు. వచ్చేస్తాగా."

"కూర్చోమన్నానా." ఆవిడ రెండో చెయ్యి కూడా వేశారు. కోడలి వైపు తిరగలేదు. "అమ్మాయీ, నువ్వెళ్ళు. వీధి వైపు నుంచి వెళ్ళు."

ఆమె వీధి తలుపు తీసుకుని బయటికి నడిచింది. షాపు దగ్గర ఆగలేదు. మలుపు తిరుగుతుంటే వెనక తమ గేటు తీసిన చప్పుడు, తరవాత కారు చప్పుడు వినిపించాయి. పరిగెత్తకుండా వేగంగా నడిచింది. పరిగెడితే అతనికి అర్థమైపోతుంది. కారు ఆమెని దాటలేదు. ఆమె వెనకే నెమ్మదిగా వచ్చింది. స్టేషను మెట్లెక్కేటప్పుడు రోడ్డు అవతల ఆగింది.

ఇన్‌స్పెక్టరు తెర విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"రేపు నేనే వస్తానన్నాను కదమ్మా. ఇవాళే ఎందుకు తెచ్చారు?"

"రేపటికి చిల్లులు ఉండేవి కావండీ."

అతను కుర్చీ చూపించాడు. "చూడకుండా కాల్చాడన్నమాట. ఇంతకీ ఎవరొస్తున్నారనుకున్నాడు మీ ఆయన?"

బయట కారు ఇంజను ఇంకా ఆగలేదు. ఆమె కిటికీ వైపు చూడకుండా కూర్చుంది.

"నేననుకున్నారండీ," అంది. "రాసుకోండి."