కుడి తుంటిలో కాపురం

నేను ఒక మరమేకును. తలుపు బందులకూ గోడగడియారాలకూ బిగించే జాతి కాదు నాది. మనిషి ఎముకలో దిగడానికి పుట్టినవాణ్ణి. చూపుడు వేలంత పొడవు, ఒక కొసన పదునైన మరచుట్లు, రెండో కొసన గుండ్రటి తల. గుజరాత్‌లో ఒక కార్ఖానాలో లేతు మీద నన్ను తిప్పి తిప్పి చెక్కారు. మెరుగు పెట్టి, తల అంచున సన్నటి అంకెలు వేశారు. ఏ సంవత్సరం ఏ దఫా సరుకుగా పుట్టానో చెప్పే అంకెలవి. అదేదో అలంకారమనుకుని మురిసిపోయాను.

అక్కణ్ణించి రైలెక్కి ఉత్తరాంధ్రలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి చేరాను. దాని పేరు చెప్పను. గాజు బీరువాలో కొన్నాళ్లు ఖాళీగా ఉన్నాక ఒక పొద్దున నాకూ, నాతోపాటు పుట్టిన మరో ఇద్దరికీ పిలుపొచ్చింది. మేం ముగ్గురం ఒకే మనిషిలోకి వెళ్లాలి. ఆమె పేరు నూకరత్నం. ఆర్టీసీ బస్సు కండక్టరు. చోడవరం రూటులో గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు తొక్కితే, ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్న మనిషి రోడ్డు మీద పడింది. ఎడమ తుంటి దగ్గర ఎముక సన్నగా చిట్లింది. పక్కకి జరగలేదు గనక మూడు మరమేకులు బిగిస్తే అతుక్కుంటుందని పెద్ద డాక్టరు చెప్పాడు.

ఎముకలోకి దిగుతూ నేను పగులు కోసం వెతికాను. పగిలిన రెండు వైపులనీ దగ్గరికి లాగి పట్టుకోవడమే కదా నా పని. ఎంత లోపలికి వెళ్లినా పగులు తగల్లేదు. ఎముక నిండుగా, గట్టిగా, చెక్కు చెదరకుండా ఉంది. నా పక్కవాళ్లిద్దరికీ అంతే. అప్పటికి మాకు కుడీ ఎడమా తెలియవు. బిగించిన వాళ్లకి తెలిసి ఉండాల్సింది.

ఎముక లోపల అంతా చీకటి. కానీ మాట మాత్రం ఎముక గుండా బాగా వస్తుంది. మత్తు దిగాక నేను విన్న మొదటి మాట ఆమెదే.

"సిస్టరమ్మా, కట్టు ఇటేపు కట్టినారేటి?"

నర్సు వచ్చి చూసింది. గబగబా బయటికి వెళ్లిపోయింది. తర్వాత చాలా జతల చెప్పులు గదిలోకి వచ్చాయి. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చివరికి పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"కంగారు పడకమ్మా. చిన్న సర్దుబాటు. రేపు పొద్దున్నే ఇవి తీసి అటు వేసేస్తాం. నీకేం ఖర్చుండదు."

"మరి కాయితాల్లో ఏటి రాస్తారు బాబూ?"

"కాగితాల్లో ఎడమ అనే ఉందమ్మా. ఏమీ మార్చక్కర్లేదు."

ఆయన ఆమెకి ధైర్యం చెప్పాననుకున్నాడు. నూకరత్నం తొడ కండరం బిగుసుకోవడం నాకు తెలిసింది.

"అంటే రేప్పొద్దుటికి తప్పు జరగనట్టే అయిపోద్ది. ఒద్దండి. నాను ఎల్లిపోతాను."

వెళ్లిపోయింది. స్ట్రెచరు మీద, రెండు కాళ్లూ పనికిరాకుండా. ఇంకో ఆస్పత్రికి చేరేసరికి ఎడమ ఎముక పక్కకి జరిగిపోయింది. అక్కడి డాక్టరు చేతనైనంత చేశాడు. ఎముక అతికింది గానీ కాలు కొంచెం పొట్టిదైంది.

ఆమె భర్త ఎర్నాయుడు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీ. మంచివాడే గానీ గొడవలంటే భయం. అందుకని వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యడానికి ఆమె ఒక్కతే కర్ర పట్టుకుని లాయరు శశికళ దగ్గరికి వెళ్లింది. ఫిర్యాదు దాఖలైంది. ఆస్పత్రి జవాబు వచ్చింది. దాన్ని లాయరు చదువుతుంటే నా ఒంటి ఉక్కు చల్లబడింది.

వాళ్లు రాసిందిది: మేము ఎడమ తుంటికే ఆపరేషన్ చేశాము. ఆ మరమేకులను తర్వాతి ఆస్పత్రి వారు తీసి వేరేవి వేశారు. కుడి తుంటిలో ఉన్నవి ఎన్నో ఏళ్ల క్రితం ఈమె మరెక్కడో వేయించుకున్న పాతవి.

రెండో ఆస్పత్రి డాక్టరు ఎడమ వైపు మరమేకులేవీ లేవనీ, కుడి వైపు కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయనీ రాసిచ్చాడు. పోటీ ఆస్పత్రి వాడు కదా, అలాగే అంటాడన్నారు.

ఆ జవాబు డిపోకి ఎలా చేరిందో చేరింది. పాత ఆపరేషను దాచిపెట్టి ఉద్యోగంలో చేరావా అని డిపో వాళ్లు ఆమెకి చార్జి మెమో ఇచ్చారు. తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఆమె కాలు ముందే పోయింది. ఆ ఒక్క అబద్ధంతో మాటా పోయింది, యూనిఫామూ పోయింది.

శశికళ ఒక దారి చెప్పింది.

"లోపలున్న స్క్రూల మీద తయారైన గుర్తు ఉంటుంది రత్నమ్మగారూ. అది చూస్తే పాతవో కొత్తవో తేలిపోతుంది. కానీ మనంతట మనం తీయించుకుంటే, మార్చేశామంటారు. కమిషన్ ఆర్డరు మీద, గవర్నమెంటు డాక్టరు, రెండు పక్షాల ఎదుట తియ్యాలి. ఆర్డరు వచ్చేదాకా మీరు వాటిని మొయ్యాలి."

"ఎన్నాళ్లమ్మా?"

"చెప్పలేను."

"సరే, ఉంచుతాను," అంది నూకరత్నం.

అంత తేలిగ్గా అనేసింది. మోయడమంటే ఏమిటో మాకు తెలుసు. మా తలలు ఎముక బయటికి కాస్త పొడుచుకుని ఉండేవి. ఆమె అడుగు వేసినప్పుడల్లా తొడ కండని రాసేవాళ్లం. కుడివైపు తిరిగి పడుకోనిచ్చేవాళ్లం కాదు. ఎడమ కాలు పొట్టి గనక బరువంతా మా మీదే పడేది. కదలకుండా ఉందామని మేం ముగ్గురం ఎంత అనుకున్నా, నడిచేది ఆమె కదా. బాధపెడుతున్నది మేమే, ఆమెకి దిక్కూ మేమే.

వాయిదాలు మొదలయ్యాయి. ఒకసారి ఆస్పత్రి లాయరుకి ఒంట్లో బాగుండదు. ఒకసారి కాగితం దాఖలు చెయ్యడానికి గడువు కావాలి. ఒకసారి కమిషన్‌లో మెంబరు రిటైరై కొత్తాయన రాలేదు. మనుషులు ఉక్కుని గట్టిదంటారు. వాయిదాని వాళ్లే కనిపెట్టి ఆ మాట ఎలా అనగలరో నాకు అర్థం కాదు. నూకరత్నం ప్రతి వాయిదాకీ వెళ్లేది. పిలిచేదాకా కూర్చునేది. కూర్చుంటే మేం పొడుస్తాం గనక లేచి గోడకి ఆనుకునేది. పేరు పిలవగానే "ఉన్నానండి" అనేది. ఆ ఒక్క మాట చెప్పడానికే అంత దూరం వచ్చేది.

ఒక రోజు ఆస్పత్రి తరపు మనిషి యాపిల్ పళ్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. డబ్బిస్తాం, కేసు వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెడితే చాలన్నాడు. అతను వెళ్లాక ఎర్నాయుడు నెమ్మదిగా మొదలెట్టాడు.

"ఒగ్గీయే రత్నం. పెద్దోలతో మనకెందుకు? ఆ సొమ్ముతో కాలు బాగుసేయించుకుందాం."

"సొమ్ము తీసుకుని నోర్మూసుకుంటే నానేటవుతాను మావా? పాత ఆపరేషను దాసి ఉజ్జోగంలో సేరిన దొంగనవుతాను. అది నీకు బాగుంటాదా?"

"ఎవరనుకుంటే మనకేటి?"

"నాకుంది."

ఎర్నాయుడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె తినకుండా చాలాసేపు అక్కడే కూర్చుంది. నా మీద ఆమె చెయ్యి పడింది. చీర పైనుంచి మా ముగ్గురి తలలనీ వేళ్లతో తడిమి చూసుకుంది.

ఉక్కు అరిగినట్టే ఓపిక కూడా అరుగుతుంది. మెంబరు లేక కమిషన్ అసలు కూర్చోని ఆ కాలంలో నొప్పి బాగా ముదిరింది. ఎవరికీ చెప్పకుండా ఆమె ఒక చిన్న నర్సింగ్ హోముకి వెళ్లింది. తీయించేసుకుందామని. మంచం మీద పడుకోబెట్టారు. ఇక అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగానే అనిపించింది. ఆమెని బాధపెట్టి బాధపెట్టి నేనూ విసిగిపోయాను.

"డాక్టరుగారూ, తీసినాక వీటినేటి సేస్తారండీ?"

"పారేస్తామమ్మా. ఇంకేం చేస్తాం?"

అంతే. ఆమె మంచం దిగింది. చెప్పులు వెతుక్కుంది. డాక్టరు వెనక నుంచి ఏదో అంటూనే ఉన్నాడు. బస్టాండుదాకా ఆ మనిషి నడిచిన నడక నాకు ఇప్పటికీ గుర్తు. అడుగడుక్కీ పళ్లు బిగబట్టిన చప్పుడు ఎముక గుండా దిగి వచ్చేది. నేను కార్ఖానాలో ఎర్రగా కాలే కొలిమి చూశాను, టన్నుల బరువు దించే సుత్తి చూశాను. అంత గట్టిదాన్ని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

మెంబరు వచ్చాడు. విచారణ సాగింది. ఆస్పత్రి లాయరు లేచి, ఆ పాత ఆపరేషను బహుశా పెళ్లికి ముందుదనీ, ఆమె దాన్ని అత్తవారింట్లో కూడా దాచి ఉండవచ్చనీ అన్నాడు. వెనక బెంచీలోంచి ఎవరో లేచిన చప్పుడైంది.

"బాబుగారూ, పెళ్లయిన కాణ్ణించి ఆ మనిసి పక్కన పడుకుంటన్నాను. ఒంటి మీద కుట్లుంటే నాకు తెలీదేటండీ?"

హాలంతా గొల్లుమంది. అధ్యక్షుడు బల్ల చరిచి, నువ్వెవరయ్యా, కూర్చో అన్నాడు. ఎర్నాయుడు కూర్చోలేదు. "దాని మొగుణ్ణండి," అన్నాడు. నూకరత్నం తలొంచుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. ఒళ్లు మాత్రం కాసేపు అదిరింది. ఆ రోజు నుంచి వాయిదాలకి ఇద్దరూ వచ్చారు. రాజీ మాట అతను మళ్లీ ఎత్తలేదు.

చివరికి ఆర్డరు వచ్చింది. ప్రభుత్వాస్పత్రిలో, కమిషన్ పంపిన అధికారి ఎదుట, రెండు పక్షాల లాయర్ల ఎదుట మమ్మల్ని తియ్యాలి. డాక్టరు మస్తాన్ వలీ నడుముకి మత్తిచ్చాడు గానీ ఆమెని నిద్రపుచ్చలేదు. కత్తి పట్టుకోబోయే ముందు ఆమె మొహం దగ్గరికి వంగాడు.

"అమ్మా, ఏ కాలు?"

"కుడి కాలే బాబూ. ఈసారి కుడే."

ఆకుపచ్చ గౌను తొడుక్కున్న ఆస్పత్రి లాయరు గోడ పట్టుకున్నాడు. అతనికి రక్తం చూసే అలవాటు లేదట.

అన్నేళ్లలో ఎముక మమ్మల్ని తనవాళ్లలాగే చుట్టుకుపోయింది. డాక్టరు చెమటలు కక్కాడు. మాలో చిన్నవాడు మొరాయించాడు. నేనే ముందు వచ్చాను. వెలుగు కళ్లు చీల్చింది. పళ్లెంలో పడి చూద్దును కదా, అదిగో ఆమె. ఇన్నాళ్లూ లోపలి నుంచి విన్న మనిషిని మొదటిసారి చూస్తున్నాను. గుండ్రటి నల్లటి మొహం, కళ్ల కింద మచ్చలు, టోపీలోంచి తప్పించుకున్న తెల్ల వెంట్రుకలు. మహా మనిషిని చూస్తానేమో అనుకున్నాను. బస్సులో టిక్కెట్టు కోసం చెయ్యి చాస్తే ఎవరూ రెండోసారి చూడని మొహం అది.

"ఏదీ, ఒకసారి సూపించండి."

డాక్టరు పళ్లెం దగ్గరికి తెచ్చాడు. ఆమె మమ్మల్ని రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఇంతేనా! ఇంత సిన్నవా!" అంది.

డాక్టరు భూతద్దం పెట్టి నా తల మీది అంకెలు పైకి చదివాడు. అధికారి రాసుకున్నాడు. మమ్మల్ని సీసాలో వేసి లక్క ముద్ర వేశారు. కార్ఖానాని అడిగితే జవాబు వచ్చింది. ఈ దఫా సరుకు, ఆమె బస్సు మీంచి పడిన సంవత్సరమే తయారైంది. పెళ్లికి ముందు ఆమె ఒంట్లోకి ఎలా వెళ్తుంది, మేం అప్పటికి పుట్టనే లేదు. మమ్మల్ని కొన్నది కూడా ఆ ఆస్పత్రే.

తీర్పు రోజు సంగతి తర్వాత గుమాస్తాలు చెప్పుకుంటుంటే విన్నాను. శశికళ నష్టపరిహారం సంగతి చదవబోతే నూకరత్నం ఆపిందట.

"అది తర్వాత. నా గురించి ఏటి రాసినారో సదవండమ్మా."

లాయరు వెతికి చదివింది. "ఫిర్యాదుదారు మొదటి నుంచీ చెప్పినది నిజమని ఈ కమిషన్ నిర్ధారిస్తున్నది."

"మళ్లీ సదవండి."

మళ్లీ చదివింది. ఎర్నాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి పోయాడు. ఆస్పత్రి పై కమిషన్‌కి అప్పీలు చేసింది. ఆమె అక్కడికీ వెళ్లింది. అక్కడా "ఉన్నానండి" అంది. అప్పీలు కొట్టేశారు. డిపో మెమో వెనక్కి తీసుకుంది. బస్సులో ఇక నిలబడలేని మనిషి గనక బస్టాండు ఎంక్వయిరీలో ఉద్యోగమిచ్చారు.

అన్నీ అయ్యాక రికార్డు రూములో గుమాస్తా ఆమెని పిలిచి సీసా బల్ల మీద పెట్టాడు.

"కేసు పూర్తయింది. కావాలంటే ఇవి తీసుకెళ్లొచ్చమ్మా."

ఆమె మమ్మల్ని అరచేతిలో ఒంపుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఒక్క క్షణం తీసుకెళ్తుందనే ఆశ పుట్టింది.

"ఇవి నావి కావు బాబూ. ఆ ఆస్పత్రోలవి. ఆలకే పంపించీండి."

"అలా పంపే రూలు లేదమ్మా."

"అయితే మీ కాడే ఉంచండి. నా ఒంట్లో మాత్రం ఇంక సోటు లేదు."

గుమాస్తా నవ్వి, సీసా మూత బిగించి, మమ్మల్ని మళ్లీ బీరువాలో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. ఒక మనిషి మాట నిలబడ్డానికి ఇంత చిన్న ఉక్కుముక్క కావాల్సి వచ్చిందా అని అప్పుడప్పుడు సిగ్గేస్తుంది. నిలబెట్టింది మేం కాదు. మేం ఆమె ఎముకలో ఊరికే ఉన్నాం. నిలబడింది ఆమె.

ఆ రోజు బీరువా తలుపు మూసే లోపల ఆమె మెట్లు దిగిపోతున్న చప్పుడు విన్నాను. ఆ నడకని బయటి నుంచి వినడం నాకు అదే మొదలు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు తేలిగ్గా. కింద ఎర్నాయుడు, "నెమ్మదిగా దిగెహె, రత్నం," అని కేకేస్తున్నాడు. చెవులు రిక్కించి చివరి మెట్టు దాకా విన్నాను. ఆమె ఎక్కడా ఆగలేదు.