మొదటి బ్యాచ్ ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ కంపెనీ కస్టమర్ కేర్‌లో పనిచేసే చెల్లెలే పట్టుబట్టి అక్క చేత ఆ కొత్త మోడల్ కొనిపించింది. మార్కెట్లోకి వచ్చిన మొదటి బ్యాచ్ అది.

అక్క చెవిటి పిల్లల బడిలో టీచరు. పాతతరం వాళ్ల సైగలు మరుగున పడిపోతున్నాయని మూడేళ్లుగా వీడియోలు తీసి నిఘంటువు కూరుస్తోంది. సగానికి పైగా సైగలు ఒక ముసలి దర్జీ చూపించినవే. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. వీడియోలన్నీ కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుని, మొరాయిస్తున్న పాతదాన్ని తుక్కు కింద ఇచ్చేసింది.

నెల తిరక్కుండానే ఫోన్ చేసింది.

"మూత మూస్తే మళ్లీ ఓ పట్టాన లేవట్లేదే. అప్‌డేట్ చేయమని అడుగుతోంది. చేయనా?"

ఆ అప్‌డేట్ వేశాక అసలే ఆన్ కావడం లేదని చెల్లెలికి మధ్యాహ్నం నుంచి వరసగా కాల్స్ వస్తున్నాయి. "నాలుగైదు కేసులే, ఎవరూ నోరు జారొద్దు" అన్నాడు సూపర్‌వైజరు. పొద్దుటి నుంచి అందరికీ చెప్పీ చెప్పీ అలవాటైన మాటే నోట్లోంచి వచ్చేసింది.

"చెయ్యక్కా, ఏం కాదు."

పది నిమిషాల్లో తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్తే, సర్వీస్ సెంటర్‌లో మెకానిక్ మర్యాదగానే మాట్లాడాడు. "మధ్యాహ్నం నుంచి అప్‌డేట్ వేసినవన్నీ ఇలాగే వస్తున్నాయి. బోర్డు ఉచితంగా మారుస్తామండీ. కానీ స్టోరేజి దానికే అతికించి ఉంటుంది. పాతవేవీ రావు."

"పోనీ, ఆ పాత బోర్డు నాకిచ్చేయండి. ఎవరికైనా చూపించుకుంటాను."

"అది కంపెనీకి వెనక్కి పంపాలి. రూలు."

బయటికొచ్చాక అక్క మెట్ల మీదే కూలబడింది. "నీకు ముందే తెలుసా?"

"మధ్యాహ్నం నుంచి తెలుసు."

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతులు పైకెత్తి, వేళ్లు ఏదో ఆకారంలోకి తిప్పబోయి ఆగిపోయింది. "వాన వెలిసిందని ఆయన ఎలా చూపించేవాడో... గుర్తు రావట్లేదే."

మర్నాడు మొదటి కాల్‌కే చెల్లెలు తెగించింది. "సార్, అప్‌డేట్ చెయ్యకండి. ముందు ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి."

అవతల ఆయన మధ్యలోనే అందుకున్నాడు.

"నిన్న మీవాళ్లు చెయ్యమంటేనే చేశాను కదమ్మా. ఇప్పుడు అసలు ఆన్ కావట్లేదు."

పక్క సీట్లలో అందరూ అదే మాట చెబుతూనే ఉన్నారు: అప్‌డేట్ చెయ్యండి, ఏం కాదు.