ఆదెప్ప నంబరు

పుంగనూరు బస్టాండు ఎదురుగా అల్ఫియా సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి తొమ్మిదేళ్లయింది. కంపెనీ మారినా పాత నంబరే కావాలని పట్టుబట్టేవాళ్లు ఆమెకు కొత్త కాదు. అందుకే సదుం నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి మాటను ఆమె మొదట పెద్దగా పట్టించుకోలేదు.

"మా తట్టు టవర్ తీసేసినారమ్మా. మిద్దె ఎక్కితే గానీ సిగ్నల్ రాదు. మొన్న రెండు కాల్సు అందకుండా పోయినాయి. కంపెనీ మార్చు, నంబరు మాత్రం మారకూడదు."

"యాల అప్పా అంత తిప్పలు? కొత్త సిమ్ము అయిదు నిమిషాల్లో ఇస్తాను. నంబరు మారిందని అందరికీ నేనే మెసేజి పెడతాను. ఎంతమందికి పెట్టాల?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది చెప్పలేను గదమ్మా. రేపు నాకు ఎవరు ఫోన్ చేస్తారో వాళ్లకే తెలీదు."

సంచిలోంచి లావుపాటి నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. పేజీలనిండా పేర్లు, ఊర్లు, ఫోను నంబర్లు, రక్తం గ్రూపులు, ఎవరు ఏ తేదీన రక్తమిచ్చారన్న వివరాలు. అప్పుడు తెలిసింది అల్ఫియాకు. ఈయన ఆదెప్ప. ఆస్పత్రుల్లో అందరూ చెప్పుకునే 'బ్లడ్ ఆదెప్ప'. బస్సు కండక్టరుగా ఉన్న రోజుల్లో, రామసముద్రం దారిలో ప్రమాదం జరిగితే ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడట. రక్తం దొరక్క ఆ పిల్లవాడు ఆయన చేతుల్లోనే పోయాడు. మరుసటి నెల నుంచే ఈ పుస్తకం మొదలైంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆస్పత్రుల గోడలమీద ఈయన నంబరే ఉంది. పదిహేనేళ్లుగా ఆ నంబరుకు ఎవరు చేసినా, ఏ వేళ చేసినా ఈయన పలుకుతున్నాడు.

అల్ఫియా ఇంకేమీ అనకుండా పనిలోకి దిగింది. కానీ నంబరు ఆదెప్ప పేరుమీద లేదు. ఆ రోజుల్లో ఆయన దగ్గర గుర్తింపు కార్డేదీ లేకపోతే, ఆయన బస్సు డ్రైవరు గోపాలస్వామి తన కార్డుతో ఆ సిమ్ము కొనిచ్చాడు. ఎవరి పేరుమీద ఉందో వాళ్లే కంపెనీ మారాలి. లేదా పాత కంపెనీ ఆఫీసుకు ఇద్దరూ వెళ్లి ముందు పేరు మార్పించుకోవాలి.

"గోపాలస్వామి కుప్పంలో ఉండాడమ్మా. పోయినేడు పక్షవాతం వచ్చింది. వాణ్ణి కదిలించేదెట్లా?"

"ఆడనే ఆఫీసుందప్పా. నేనూ వస్తాను. వాళ్లు అడిగేవాటికి మీరు జవాబు చెప్పలేరు."

శుక్రవారం దుకాణం మూసేసి ఆయన వెంట కుప్పం బస్సెక్కింది. ఆఫీసు మేడమీద ఉంది. ఇరవై రెండు మెట్లు. కుర్చీలో కూర్చోబెట్టి మోస్తామంటే గోపాలస్వామి ఒప్పుకోలేదు. "ముప్పై ఏండ్లు బస్సు తోలినోణ్ణి. నన్ను మూట మాదిరి మోస్తార్రా?" అన్నాడు. కుడికాలు ఈడ్చుకుంటూ, మెట్టుకోసారి ఆగుతూ ఎక్కాడు. పైకొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. వణుకుతున్న ఆయన వేలిని యంత్రం నాలుగుసార్లు గుర్తించలేదు. అయిదోసారి ఆదెప్ప ఆ చేతిని తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకున్నాడు. పచ్చదీపం వెలిగింది.

పేరు మారడానికి వారం పట్టింది. తర్వాత అల్ఫియా మెసేజి పంపి కోడు తెప్పించి, కొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టింది. మూడో రోజు కబురొచ్చింది, రేపు ఉదయం మారుతుందని. ఆ మాట చెబితే సంతోషిస్తాడనుకుంది. ఆదెప్ప ముఖంలో దిగులు కనిపించింది.

"మారేటప్పుడు ఎంతసేపు పలకదు?"

"మూడు గంటలు, మహా అంటే నాలుగు."

"ఆ నాలుగు గంటల్లో ఎవరన్నా చేస్తే?"

పదిహేనేళ్లలో నాలుగు గంటలు పెద్ద లెక్క కాదనబోయి అల్ఫియా ఆగిపోయింది. ఆయనకు అది లెక్కే. ఆ సాయంత్రమంతా ఆయన ఆమె దుకాణంలోనే కూర్చుని పుస్తకంలోని పేర్లను, నంబర్లను ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు ప్రతులు రాశాడు. ఒకటి కుప్పం వెళ్లే బస్సు డ్రైవరుకిచ్చి గోపాలస్వామికి పంపాడు. ఇంకొకటి అల్ఫియా చేతికిచ్చాడు. నంబరు పలకనంతసేపు ముగ్గురూ మూడు ఆస్పత్రుల్లో కూర్చోవాలని ఆయన ఆలోచన.

మరునాడు తెల్లవారగానే ఆదెప్ప మదనపల్లె ఆస్పత్రి రక్తనిధి ముందు కూర్చున్నాడు. కుప్పం ఆస్పత్రి వరండాలో గోపాలస్వామి, పుంగనూరు ఆస్పత్రిలో అల్ఫియా. ఏడు గంటలకల్లా పాత సిమ్ము మూగబోయింది.

తొమ్మిదింటికి ఒక యువకుడు చెవి దగ్గర ఫోను పెట్టుకుని వరండాలో అటూ ఇటూ పరిగెత్తడం అల్ఫియా చూసింది. దగ్గరికి వెళ్లి అడిగింది. అతని భార్యకు కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు, మదనపల్లెకు తీసుకుపొమ్మన్నారు, ఓ నెగటివ్ కావాలి. "గోడమీద నంబరుకు చేస్తాండా, పలకడం లేదమ్మా" అన్నాడతను.

"ఆ నంబరాయన రాసిచ్చిన పేర్లు నా దగ్గరుండాయి. నువ్వు అంబులెన్సు ఎక్కప్పా" అంది. ఆదెప్ప ఇచ్చిన ప్రతిలో ఓ నెగటివ్ కింద ఏడుగురే ఉన్నారు. మొదటివాడు ఫోను తీయలేదు. రెండోవాడు ఊళ్లో లేడు. మూడోవాడు దిలీప్, మదనపల్లె కాలేజీలో లెక్చరరు. పాఠం మధ్యలో తీశాడు. అల్ఫియా విషయం చెప్పింది.

"ఆదెప్ప ఆడనే ఉండాడా?"

"రక్తనిధి ముందర కూర్చోనుండాడు."

"అయితే పది నిమిషాల్లో పోతాను" అని పెట్టేశాడు.

అంబులెన్సు చేరేసరికి దిలీప్ రక్తమిచ్చేశాడు. పరీక్షలు జరుగుతున్నాయి. మధ్యాహ్నానికి తల్లి గండం గడిచిందన్నారు. పదకొండింటికే కొత్త సిమ్ముకు ప్రాణం వచ్చింది గానీ, ఆ సంగతి ఆదెప్ప చాలాసేపు చూసుకోనేలేదు.

సాయంత్రం దుకాణానికి వచ్చి దిలీప్ పేరు పక్కన ఆ రోజు తేదీ వేసుకున్నాడు. మళ్లీ మూడు నెలలదాకా అతన్ని అడగకూడదు. ఇన్నేళ్లూ తాను అమ్మిన ఒక్కో నంబరు విలువ ఏమిటో అల్ఫియాకు ఇప్పుడే తెలిసినట్లనిపించింది.

అంతలో ఫోను మోగింది. గోపాలస్వామి.

"పొద్దున్నించీ ఈడ కూర్చోనుండానురా. నా దగ్గరికి ఒక్కరూ రాలా" అన్నాడు. గొంతులో అలసట తెలుస్తోంది.

"మంచిదే గదరా" అన్నాడు ఆదెప్ప.