పర్లేదన్నారు

నేను ఒక పిరికి క్యాసెట్టును. నవ్వకండి. మా జాతిలో ఎవరి బతుకైనా ఎర్రచుక్క పెట్టిన రికార్డింగు మీట మీదే ఆధారపడి ఉంటుంది. పుస్తకం నచ్చకపోతే మూసి పక్కన పెడతారు. చీర నచ్చకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారు. మేము నచ్చకపోతే మా మీదే ఇంకొకటి ఎక్కిస్తారు. పైకి చిన్న గీత కూడా పడదు, లోపల ఉన్నదంతా పోతుంది. అందుకే మనిషి నోరు తెరిచి నా గురించి ఏదైనా అనబోతే చాలు, నాలో చుట్టలు చుట్టుకున్న టేపంతా వణుకుతుంది.

నేను నెల్లూరులో ఒక ఇరుకు స్టూడియోలో పుట్టాను. నాలో ఉన్నవి బిట్రగుంట రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు ఇద్దరు పాడిన పాటలు. పెద్దది హెప్సిబా, చిన్నది సలోమి. సలోమి హెప్సిబాకు మేనత్త కూతురు కాబట్టి ఆమెను వదినా అని పిలుస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో ఆ ఊళ్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు ఉండేవారు. వాళ్లు ఊరు విడిచి వెళ్తూ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వదిలేసిన అమెరికా నల్లవాళ్ల సోల్ పాటల రికార్డులు వింటూ ఈ ఇద్దరూ పెరిగారు. ఆదివారం గుడిలో కీర్తనలు, తక్కిన రోజుల్లో ఆ రికార్డులు. రెండూ కలిసి వాళ్ల గొంతులు ఒక తీరుకు వచ్చాయి.

నాకు ముందు ఒక అక్క ఉంది, వాళ్ల మొదటి క్యాసెట్టు. దాని అదృష్టం అంతా ఒక పొరపాటు. అట్ట అచ్చువేసే ఆయన 'సోల్ అంటే ఏందమ్మా' అని అడిగితే హెప్సిబా 'ఆత్మ' అని చెప్పింది. ఆయన బంగారు రంగులో 'ఆత్మ గీతాలు' అని వేసేశాడు. ఇంకేముంది, జిల్లాలో ఉన్న విశ్వాసులందరూ భక్తిపాటలనుకుని కొన్నారు. పాటల్లో 'నువ్వు రావేమి' అని ఉన్నచోటల్లా ప్రభువును తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. ఎవరూ వాళ్లను సరిదిద్దలేదు. మెచ్చుకునేవాళ్ల పొరపాటును సరిదిద్దే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

నా సంగతి వేరు. నాలో మొదటి పాట సలోమి రాసుకున్నది. 'నా కొంగున ముడేసి ఉంది నీ చొక్కా గుండీ' అని మొదలవుతుంది. ఆ గుండీ పెళ్లయిన రెండో ఏడే జ్వరంతో పోయిన ఆమె మొగుడిది. ఆ మాటలకు ముందు ఇద్దరూ గొంతు కలిపి ఒక ఆలాపన తీశారు. అది తీస్తున్నప్పుడు అద్దం అవతల కూర్చున్న స్టూడియో ఆయన తల వంచుకున్నాడు. ఇలాంటి పాటను ప్రభువు ఖాతాలో వేయడం ఎవరి తరమూ కాదు.

విడుదలకు ముందు నలుగురికీ వినిపించి వాళ్ల మాట తెలుసుకుందామని నన్ను ఊరికి తెచ్చారు. వచ్చిన వారానికే కబురు తెలిసింది. స్టూడియోలో ఈ పాటలు మొదట పట్టిన పెద్ద టేపు చుట్ట మీద ఎవరో పొరపాటున పెళ్లి సన్నాయి ఎక్కించేశారట. అంటే ఆ పాటలు ఇక లోకంలో నా ఒక్కదానిలోనే ఉన్నాయి. హెప్సిబా జడపిన్ను తీసి, నా వీపున ఉండే రెండు చిన్న రేకులూ విరగ్గొట్టింది. అవి విరిగితే ఇక ఎర్రచుక్క మీట నా మీద పడదు. ఆ పూట నేను గుండె నిబ్బరంతో ఉన్నాను. కానీ ఆ కన్నంలో చిటికెడు కాగితం కుక్కితే ఆ రక్షణ కాస్తా పోతుంది.

మొదట నన్ను స్టేషను ముందు మస్తానయ్య టీ కొట్లో వేశారు. పాట అయ్యేదాకా అక్కడ ఎవరూ మాట్లాడలేదు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చివరికి మస్తానయ్య విసుక్కున్నాడు.

"ఏం పాటమ్మా ఇది! ఒక్కడూ టీ తాగడంలా. గ్లాసు పట్టుకోని అట్నే నిలబడిపోతాండారు. బేరం ఏం గావాలా?"

తరువాత బట్టలు కుట్టే శాంతమ్మ ఇంట్లో వేశారు. అక్కడ ఒకామె నడుమలో లేచి, తలనొప్పిగా ఉందని వెళ్లిపోయింది. ఇంకొకామె, "గొంతులు బాగుండాయి గానీ, మొదటిదాంట్లో మాదిరిగా దేవుడు లేడే" అంది. మనుషులు మనసులో మాటను తిన్నగా చెప్పరని నాకు అప్పటికి తెలియదు. ప్రతి మాటనూ తిట్టుకిందే లెక్క వేసుకుని బిక్కచచ్చిపోయాను. సలోమి కూడా అంతే. రోజురోజుకూ ఆమె మాట తగ్గిపోయింది.

"ఇంక మామ ఒక్కడు మిగిలాడు వదినా," అంది ఒక సాయంత్రం. "ఆయన బాలేదంటే నేను మళ్లీ పాడను. పాడమని నువ్వు అడగొద్దు."

మామ అంటే హెప్సిబా తండ్రి, ఇశ్రాయేలు. ఆవిరి ఇంజను నడిపి ఒక చెవి పోగొట్టుకున్నవాడు. ఇద్దరికీ పాట నేర్పింది ఆయనే. మెచ్చుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. గుడిలో ఎవరెంత బాగా పాడినా ఆయన చేసేదల్లా పాటల పుస్తకం మూయడమే.

ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల తర్వాత, వరండాలో టేపురికార్డరు ఉంచి నన్ను పెట్టారు. ఇశ్రాయేలు పడక కుర్చీలో కళ్లు మూసుకుని, మంచి చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని విన్నాడు. సంఘపెద్ద యేసుదానం కూడా వచ్చి కూర్చున్నాడు. పాపం చెడ్డవాడు కాదు. మా అక్క క్యాసెట్టును గుడిలో వేయించి ఊరంతటికీ చాటినవాడు. కానీ గుండీ పాట వింటూ వింటూ ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"ప్రభువుకు చొక్కా ఏందమ్మా, గుండీ ఏందమ్మా?" అన్నాడు.

పాట అయిపోగానే సలోమి టేపును మొదటికి తిప్పి, మామ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఎట్టుండాది మామా?" అని అడిగింది. సరిగ్గా అదే క్షణంలో చెవిటి చెవి వైపు నుంచి యేసుదానం, "ఇశ్రాయేలన్నా, రేపటి ఉజ్జీవ సభలకి ప్రసంగం పట్టుకోవాల. ఖాళీ క్యాసెట్టు దొరకలా. దీనిమీద పట్టుకోమంటావా?" అన్నాడు.

ఇశ్రాయేలు కళ్లు తెరవలేదు. "పర్లేదు," అన్నాడు.

అయ్యా, ఈ ఒక్క మాటకు తెలుగువాళ్లు ఎన్ని అర్థాలు పెట్టుకున్నారో! బాగుందన్నా పర్లేదే, బాగాలేదన్నా పర్లేదే, కాలు తొక్కినవాడికీ పర్లేదే, కానివ్వమన్నా పర్లేదే. యేసుదానం అది తనకు దొరికిన అనుమతి అనుకున్నాడు. సలోమి అది తన పాటకు పెట్టిన కొరివి అనుకుంది. నన్ను బయటికి తీసి, తన చేతులతోనే యేసుదానానికి ఇచ్చింది.

"పట్టుకోండి. దాంట్లో ఏముందిలే," అంది.

నేను అరవగలిగితే ఊరు లేచేది. ఆమెకు తెలుసు, నేను తప్ప ఆ పాటలకు ఇంకో చోటు లేదని. తెలిసే ఇచ్చింది. హెప్సిబా వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఉంది. యేసుదానం సభల కరపత్రం నుంచి ముక్క చించి, మడిచి, నా వీపున కన్నంలో కుక్కాడు. మైకు తగిలించాడు. ఎర్రచుక్క మీట కిందికి దిగింది. టేపురికార్డరులో పాతదాన్ని చెరిపే తల వచ్చి నన్ను తాకింది. ఆ చల్లదనం నేను చెప్పలేను. ఆలాపన నా మీద నుంచి కొంచెం కొంచెంగా పోతూ ఉంది, నేను కదులుతూనే ఉన్నాను. ఆగడం నా చేతిలో లేదు.

యేసుదానం గొంతు సవరించుకుని, కంచు కంఠంతో సాగదీసి, "ప్రియులారా..." అన్నాడు.

కుర్చీ కిర్రుమంది. "ఏందిరా ఇది?" ఇశ్రాయేలు లేచి కూర్చున్నాడు. "మళ్లీ పాట వస్తదని కాచుకోనుంటే నీ గొంతు వస్తాదేంది? పాటేది?"

"నువ్వే గదా మామా, పర్లేదన్నావు," అంది సలోమి.

"పాట పర్లేదన్నా! చెరపమన్నానా? మీ అత్త బతికున్నన్నాళ్లు పాడింది. ఆమెక్కూడా పర్లేదని నేను అనలేదే తల్లీ!"

హెప్సిబా సబ్బు చేతులతో పరుగెత్తుకొచ్చి వైరు పీకేసింది. మీట పైకి లేవక ముందే నన్ను పెరికి తీసి, కరపత్రం ముక్కను గోటితో లాగి అవతల పారేసింది. యేసుదానం, "అయ్యో, నేనట్టా అనుకోలేదమ్మా," అంటూ చేతులు జోడించాడు. సలోమి మామ ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

పాట మిగిలింది. ఆలాపన పోయింది. మళ్లీ తీద్దామని ఇద్దరూ ఎన్నోసార్లు కూర్చున్నారు, అది రాలేదు. నాకు గుర్తుంది గానీ నేను పాడలేను.

నా నుంచే మిగతా క్యాసెట్లు తయారుచేశారు. నెల్లూరు స్టూడియో ఆయన వాటిలో ముసలాయన కేకలను జాగ్రత్తగా కోసేశాడు. 'ప్రియులారా' మాత్రం పాటలో భాగమే అనుకుని ఉంచేశాడు. ఇక జనం చూడండి! పోయినవాడి గుండీ గురించి పాడబోయే ముందు ఆ పిలుపు ఎక్కడినుంచి పట్టుకొచ్చారమ్మా అన్నారు. ఆ ఒక్క పిలుపుకే క్యాసెట్టు కొనొచ్చు అన్నారు. ఇన్‌స్టిట్యూట్ స్టేజి మీద అది లేకుండా మొదలుపెడితే ఒప్పుకునేవాళ్లు కాదు. సలోమి నవ్వు ఆపుకుని తనే అనేది. వెనక వరసలో యేసుదానం తల వంచుకుని కూర్చునేవాడు.

ఇవన్నీ జరిగి చాలా కాలమైంది. ఇశ్రాయేలు పోయాడు. నేను సలోమి అద్దాల బీరువాలో ఉన్నాను. నా వీపు కన్నం ఖాళీగానే ఉంది, ఎవరూ నా మీద ఏమీ ఎక్కించరు. అయినా నాకు కొత్త భయం పట్టుకుంది. సలోమి అప్పుడప్పుడు నన్ను తీసి వేసుకుంటుంది. యేసుదానం పిలుపు వస్తుంది. తర్వాత కుర్చీ కిర్రుమంటుంది. "పాట పర్లేదన్నా!" అని మామ అరుస్తాడు. ఆమె ఆపేసి, వెనక్కి తిప్పి, మళ్లీ వింటుంది. పాట దాకా ఎప్పుడూ రాదు.

పాటలన్నీ నాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. మామ మాట ఉన్నచోటే టేపు పలచబడిపోయింది. ఏదో ఒక రోజు అక్కడే తెగిపోతానని భయంగా ఉంది. ఆమె చెయ్యి బీరువా తలుపు మీద పడింది. మళ్లీ నా కోసమే వస్తోంది.