వెనక ఎవరైనా కూర్చుంటారా?

రేసు సైకిలుకి క్యారియర్ బిగించుకున్న మనిషి ఆ ఊళ్లో స్పోకులక్క ఒక్కతే. వంపు తిరిగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, అరచెయ్యంత సీటు, ఆ సీటు వెనక బస్తాలు మోసే సైకిళ్లకుండే ఇనప క్యారియర్. చూసి నవ్వినవాళ్లు లేరు. దాని మీద ఆమె తండ్రి కూర్చుని ఉండేవాడు మరి.

ఆయన పోయి మూడేళ్లయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తుంటే దారిలో, క్యారియర్ మీదే ప్రాణం పోయింది. జరగవలసినవన్నీ పద్ధతిగా జరిగాయి. బంధువులొచ్చారు, ఏడ్చారు, వెళ్లారు. మర్నాడు పొద్దున షాపు తెరవడానికి సైకిలు బయటికి తీస్తే వెనక బరువు తగిలింది. "వెనక టైర్లో గాలి తక్కువుంది, చూసుకోవద్దూ?" అన్నాడాయన. చూసుకుంది. నిజంగానే తక్కువుంది.

అప్పట్నుంచీ రోజూ ఇదే వరస. పొద్దున్నే ఇద్దరూ సైకిలు షాపుకి బయల్దేరతారు. దారిలో వీధివాళ్లు "బాబాయ్, మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని అడుగుతారు. "ఇప్పుడింకేం నొప్పిరా" అంటాడు. షాపులో సైకిలు గోడకి ఆనిస్తే ఆయన అక్కణ్నుంచే పని చూసుకుంటాడు, అంటే ఆమె పని చూస్తుంటాడు. ఏ స్పోకైనా కాస్త ఎక్కువ బిగించిందో, గొంతు సవరించుకుంటాడు. సాయంత్రం ఇంటికెళ్లాక ముందు గదిలో సైకిలు నిలబెడితే ఆమె తల్లి టీ అక్కడికే తెచ్చిచ్చి, పక్కన కుర్చీ లాక్కుని రోజంతా జరిగిన సంగతులు చెబుతుంది. ఆ తల్లికి మొగుడు పొద్దుగూకేసరికి ఇల్లు చేరితే చాలు. బతికుండగా కూడా ఆవిడ అంతకుమించి అడిగిన పాపాన పోలేదు.

చిక్కల్లా ఊరి చివర వంతెన దగ్గరే. వంతెన దాటితే రోడ్డు కొండెక్కుతుంది. ఆయన జన్మలో ఆ కొండ ఎక్కి ఎరగడు. ఇప్పుడు ఎక్కాల్సి వస్తే బరువెక్కిపోతున్నాడు. చదును మీద మామూలు మనిషి బరువే. ఎత్తు మొదలయ్యాక ఒక బస్తా, తర్వాత రెండు బస్తాలు, ఆ తర్వాత ఇంక పెడలు కదలదు. ఒకసారి బస్సులో వెళ్దామని చూసింది. ఆయనా ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. మొదటి మలుపులోనే బస్సు రొప్పి ఆగిపోయింది. కండక్టరు మర్యాదగా దగ్గరికొచ్చి, "అమ్మా, మీరిద్దరూ దిగితే తక్కినవాళ్లు ఊరు చేరతారు" అన్నాడు. దిగారు. నడిచి చూసింది. భుజం మీద వేసిన ఆయన చెయ్యి గుమ్మం దూలమంత బరువెక్కింది.

"నేను కావాలని చేస్తున్నానా తల్లీ?" అన్నాడాయన దిగులుగా.

కావాలని చెయ్యడం లేదని ఆమెకి తెలుసు. తెలిసినందువల్లే మరీ ఊపిరాడేది కాదు. కావాలని చేసేవాడైతే పోట్లాడొచ్చు. ఇలా మంచివాడై, వెనకే ఉండి, గాలి తక్కువైతే చెప్పే మనిషితో ఏమని పోట్లాడుతుంది?

కొండ మీది పట్టణంలో రేసు సైకిళ్ల క్లబ్బు ఒకటుంది. ఆమె స్పోకులు బిగించి కట్టిన చక్రం ఒకటి ఎలాగో ఆ క్లబ్బు మేనేజరు చేతిలో పడింది. అదేపనిగా తిప్పి తిప్పి చూశాడట. వచ్చి మా దగ్గర పని చెయ్యమని రెండుసార్లు ఫోను చేశాడు, రెండుసార్లూ ఏదో సాకు చెప్పింది. మూడోసారి చేసినప్పుడు, "పోటీలు మొదలవబోతున్నాయమ్మా. వచ్చే నెల మొదటి సోమవారానికి రాకపోతే ఇంకొకరిని తీసుకుంటాం. ఇక అడగను" అన్నాడు. ఆమెకి ముప్ఫై ఆరేళ్లు. పిల్లల సైకిళ్లకి బెండు తీస్తూ, వెనక నుంచి గొంతు సవరింపులు వింటూ ఆ షాపులోనే బతుకు తెల్లారిపోతుందని ఆ రోజు స్పష్టంగా కనబడింది. కనబడి భయం వేసింది.

కార్బన్ చక్రాల ఆలోచన అలా పుట్టింది. చక్రం తేలికైతే కొండ ఎక్కొచ్చు, ఒక్కసారి పైకి చేరితే ఆ తర్వాత సంగతి తర్వాత. తమ్ముడికి చెబితే పడీ పడీ నవ్వాడు.

"అక్కా, కార్బన్ వేస్తే తగ్గేది ఒక నీళ్ల సీసా బరువు. వెనక నాన్న ఉన్నాడే!"

"నీళ్ల సీసా అయినా తగ్గుతుంది కదరా."

అంది. ఇరుక్కుపోయిన మనిషికి లెక్కలు పనిచెయ్యవని వాడికి మాత్రం తెలీదా? నవ్వడం మానేసి పక్కన కూర్చుని ఫోను తీశాడు.

పేరున్న కంపెనీ చక్రాలు కొనాలంటే షాపు అమ్మితే ముందు చక్రం వస్తుంది, వెనకది కావాలంటే ఇల్లు అమ్మాలి. ఇక మిగిలినవి పేరు లేని కంపెనీలు. అవి ఎన్నో. ఒక్కోదాని గురించి ఒకడు బంగారమంటాడు, ఇంకొకడు నెలకే రిమ్ము పగిలిందని శాపనార్థాలు పెడతాడు. తమ్ముడికి తల తిరిగిపోయింది. ఆమె మాత్రం అందరికీ ఒకటే ప్రశ్న పంపించింది: మీ దగ్గర స్పోకులు ఎవరు బిగిస్తారు?

ఒక కంపెనీ 'మీ ప్రశ్న మాకెంతో విలువైనది' అని చెప్పి ఊరుకుంది. ఒకటి రంగురంగుల బొమ్మలు పంపింది. మందుబిళ్ల పేరులాంటి పేరున్న ఒక చిన్న కంపెనీ నుంచి మాత్రం ఎవరో ఆడమనిషి వచ్చీరాని భాషలో రాసింది. 'నేను బిగిస్తాను. షెడ్డులో నలుగురమే ఉంటాం. ఇది వినండి.' కింద ఒక ఆడియో ఉంది. నొక్కితే గోటితో స్పోకులు మీటుతున్న చప్పుడు. ఒకదాని తర్వాత ఒకటి చక్రం చుట్టూ వెళ్లింది. ఒక్క స్పోకూ శ్రుతి తప్పలేదు.

క్యారియర్ మీద కునుకు తీస్తున్న తండ్రి కళ్లు తెరిచాడు.

"ఎవరిదే ఆ చెయ్యి?"

"ఎవరో నాన్నా. ఊరూ పేరూ తెలీదు."

"పేరుదేముందిలే. కొనుక్కో."

సరే, అంతా తేలింది. చివర్లో ఆ ఆడమనిషే మళ్లీ అడిగింది. 'స్పోకులు ఎన్ని వెయ్యాలో తెలియాలి. తొక్కేవారి బరువెంత? వెనక ఎవరైనా కూర్చుంటారా?'

మామూలు ప్రశ్న. అది అడక్కుండా చక్రం కట్టేవాడు చక్రం కట్టేవాడే కాదు. ఆమె తండ్రయితే షాపు ముందుకి బరువు బండి వస్తే సగం బస్తాలు దింపించేదాకా గాలి కొట్టేవాడు కాదు. "చక్రానికి చెప్పిన బరువే పెట్టాలిరా" అని వీధి వీధంతా వినబడేలా అరిచేవాడు.

ఆమె ఫోను పట్టుకుని క్యారియర్ కేసి చూసింది. తండ్రి మళ్లీ కునుకులోకి వెళ్లాడు, గడ్డం గుండెకి ఆనింది. తన బరువు రాసింది. 'వెనక ఎవరూ కూర్చోరు' అని రాసింది. పంపాక లేచి వెళ్లి మంచినీళ్లు తాగింది. ఒక్కసారి, ఒక్కచోటైనా, అలా రాసుకోవాలనిపించింది.

ఆ సోమవారం ఇంక రెండ్రోజులుందనగా, శనివారం చక్రాలు వచ్చాయి. ఆదివారం పొద్దున్నే ముందు గదిలో అట్టపెట్టె విప్పింది. చక్రం మార్చేటప్పుడు మాత్రం తండ్రి దిగి స్టూలు మీద కూర్చుంటాడు, అంతవరకు పట్టింపు ఉన్న మనిషి. వెనక చక్రం ఇలా ఇమ్మన్నాడు. ఒళ్లో పెట్టుకుని తిప్పాడు. రిమ్ము నల్లగా, చప్పుడు లేకుండా తిరిగింది. గోటితో ఒక స్పోకు మీటాడు. తర్వాత వేలు ఒక్కో స్పోకు మీదుగా లెక్కపెడుతున్నట్టు జరుపుతూ చుట్టంతా వచ్చాడు. వేలు ఆగాక కూడా చక్రాన్ని వెంటనే ఇవ్వలేదు.

"బాగా కట్టింది" అన్నాడు.

"ఎక్కడికే పొద్దున్నే?" అంది తల్లి టీ గ్లాసులతో వచ్చి.

"కొత్త చక్రాలు కదమ్మా. అలా వంతెన దాకా."

"నాన్నకి చలి తగలనీకు."

బయల్దేరారు. ఆ రోజు ఆయన దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. గుంత వస్తోందనలేదు, బ్రేకు పట్టమనలేదు. ఆమెకి చక్రం చప్పుడు వినబడింది. కింద స్పోకులు సన్నగా కిర్రుమంటున్నాయి. ప్రతి కిర్రుకీ ఆమె కాస్త నెమ్మదించింది.

వంతెన మధ్యలో "ఆపు" అన్నాడు.

ఆపింది.

"వెనక ఎవరైనా కూర్చుంటారా అని అడగలేదా ఆవిడ?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు. "ఎవరూ కూర్చోరని."

ఆయన ఏటి కేసి చూస్తూ, "చక్రానికి నిజం చెప్పావు. నాకే చెప్పలేదు" అన్నాడు. కోపంగా అనలేదు.

"నాన్నా..."

"ఇది ఒక్కరి కోసం కట్టిన చక్రం. చదును మీద ఏదో పాపం మోసుకొచ్చింది. కొండ మీద నేను పెరుగుతాను కదా, సగం దూరంలో స్పోకులు తెగిపోతాయి. అంత బాగా కట్టినదాన్ని నేను విరగ్గొడతానా?"

జాగ్రత్తగా, మోకాలు పట్టుకుని, దిగాడు. మూడేళ్లలో దారి మధ్యలో ఆయన తనంతట తాను దిగడం అదే మొదటిసారి. సైకిలు ఒక్కసారిగా పైకి లేచినట్టయి ముందు చక్రం ఊగిసలాడింది. ఇన్నాళ్లుగా కోరుకున్నది ఇదే. తీరా జరిగాక "దిగొద్దు నాన్నా" అనేసింది చిన్నపిల్లలా.

"పిచ్చి మొహమా, తొక్కు. ఎండెక్కిపోతుంది. మొదటి నెల అయ్యాక స్పోకులు ఒకసారి చూసుకో, కొత్తలో వదులవుతాయి."

ఆమె తొక్కింది. అలవాటు కొద్దీ ఒళ్లంతా ముందుకి వంచి బలమంతా పెట్టింది, అంత బలం అక్కర్లేకపోయింది. చిన్నప్పుడు ఇదే వంతెన మీద తను వెనక, ఆయన ముందు. పక్కనుంచి రైలు వెళ్తుంటే చూద్దామని వెనక్కి తిరిగి ఇద్దర్నీ కింద పడేసింది. "వెనక కూర్చున్నవాళ్లు తిరక్కూడదు తల్లీ, ముందువాళ్ల బ్యాలెన్సు పోతుంది" అన్నాడు మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ.

మొదటి మలుపులో, బస్సు ఆగిపోయిన చోట, ఒక కాలు నేల మీద ఆనించి కిందకి చూసింది. వంతెన మీద, పేపర్లు వేసి సైకిలు మీద తిరిగొస్తున్న మనిషిని ఆయన ఆపాడు. వంగి వెనక టైరు నొక్కి చూశాడు. ఏదో చివాట్లు పెడుతున్నట్టే ఉంది. అతను తలూపాడు. ఆయన వెళ్లి ఖాళీ క్యారియర్ మీద కూర్చున్నాడు, సైకిలు ఊరి వైపు కదిలింది. అమ్మ టీ మళ్లీ వేడి చేస్తుంది.

ఒక్కసారి తిరిగి చూస్తాడేమోనని ఆమె అక్కడే నిలబడింది. సైకిలు వంతెన దిగేదాకా, వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఆయన తిరగలేదు.