పిలవని మలుపు

కనుమ అవతలి ఆపిల్ తోటల్లో కోతలు అయిపోగానే మగవాళ్ళు పారలు భుజాన వేసుకుని మారోయా ఊరికి వచ్చేస్తారు. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పని. మంచులో సరస్సు నీళ్ళు పోసి ముద్ద చేయడం, దాన్ని గోడలా మెత్తడం, పారతో చెక్కడం, చివరికి చేతితొడుగు తీసేసి వట్టి అరచేత్తో నునుపు చేయడం. అలా కొండ నెత్తిన మొదలుపెట్టి కింద రైలు స్టేషను దాకా మెలికలు తిరిగే జారుడుబాట కడతారు. ఇనుప అంచుల బండ్లలో మనుషులు దాని మీద దూసుకుపోతుంటే చూసేవాళ్ళకి రంగు కనిపిస్తుందిగానీ మొహాలు కనిపించవు. మార్చి ఎండకి అంతా కరిగి ఏట్లో కలిసిపోతుంది. డిసెంబరులో మళ్ళీ మొదటికి.

ఈ బాటకు పటం అంటూ ఎక్కడా లేదు. తాతల కాలంలో, చలికాలం హోటళ్ళలో దిగిన ఇంగ్లీషు దొరలు పొద్దుపోక, పాలవాళ్ళు మంచు మీద లాగే చక్రాల్లేని చెక్కబండ్లు పట్టుకుని ఊరి వీధిలోనే జారేవారట. ఒకరోజు దారిన పోతున్న పాదిరిగారు వాళ్ళ ఒళ్ళో పడి, అలాగే స్టేషను దాకా వెళ్ళిపోయారు. ఊరు గోల చేస్తే హోటలాయన బాటను అడవిలోకి మార్పించి, చలికాలం చేతులు ముడుచుక్కూర్చునే తోటవాళ్ళను కట్టడానికి పిలిపించాడు. అప్పట్నుంచి ఒక్కో మలుపు ఒక్కో ఇంటిది. కట్టినవాడే ముందు చెక్కబండి మీద జారి చూపించాలి. ఆ తర్వాతే మిగతా లోకం.

బుర్గ వాళ్ళింటిది గుర్రపులాడం మలుపు. నాన్నకు భుజం పడిపోయాక అది లూయీస్ బాబాయి కొడుకు సెప్ చేతికి పోయింది. బుర్గకు వంటపాక దక్కింది. బాటకు నాలుగడుగుల దూరంలో చెక్కల పాక. పొద్దున్నే పొయ్యి వెలిగించి కాఫీ, ఆ మీదట బార్లీ సూపు, మధ్యాహ్నానికి రొట్టె ఉండలు. ఉండలు చుడుతున్నంతసేపూ కళ్ళు కిటికీలోంచి పారల మీదే ఉంటాయి.

"బాబాయ్, ఈసారైనా నాకో మలుపు ఇస్తావా?"

ముఠా మేస్త్రీ లూయీస్ సూపు జుర్రుతూ, "ఇవ్వడానికి ఖాళీ ఉండాలి కదే. ఉన్నవన్నీ మొగుళ్ళున్నవే," అన్నాడు. బల్లంతా పగలబడి నవ్వింది.

"విడాకులైనది ఏదన్నా ఉంటే చెప్పు."

"నీ నోటికి పార అక్కర్లేదే తల్లీ, అదే చెక్కేస్తుంది," అన్నాడు సెప్.

బుర్గ కూడా నవ్వింది గానీ కడుపులో మాట వేరే ఉంది. కనుమ అవతల సొంత ఊళ్ళో జామ్ ఫ్యాక్టరీలో ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. క్రిస్మస్ లోపు అవుననో కాదనో చెప్పాలి. ఈ ఏడూ చేతికి గరిటే మిగిలితే ఇక కనుమ దాటి రాకూడదని ఒట్టు పెట్టుకుంది.

నిజానికి మొగుడు లేని మలుపు ఒకటుంది. దాన్ని ఎవరూ కట్టరు. ముఠా పని పూర్తయ్యాక ఏదో ఒక పొద్దున లేచి చూస్తే బాటలో ఒక మలుపు ఎక్కువగా ఉంటుంది. పిలవని మలుపు అంటారు దాన్ని. "వచ్చిందా?" "మొన్న వచ్చింది, అడవి పక్కన దిగింది," అని చుట్టం సంగతి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. ఏటా ఒక్కోచోటికి వస్తుంది. ఒక ఏడు బాట వదిలేసి గడ్డిమైదానంలో వచ్చి కూర్చుంది. ఎవరూ జారలేదని అలిగి మే నెల దాకా కరగలేదు. ఇంకో ఏడు అడ్డంగా ఉందని చెక్కబోతే మధ్యాహ్నానికల్లా మొత్తం బాట నీళ్ళయిపోయింది. అందుకే దాని మీద ఎవరూ పార వేయరు.

ఈసారి మాత్రం ఆదివారం బండ్ల పందెమనగా ఇంకా రాలేదు. ముఠాలో అందరికన్నా పెద్దవాడు విగిల్ తాత. కాఫీ పోస్తూ బుర్గ ఆయన్ని అడిగింది.

"తాతా, అదెక్కడ్నుంచి వస్తుంది?"

"మీ మేనత్త ఎక్కడ్నుంచి వస్తోందో గుమ్మంలో నిలబెట్టి అడుగుతామా? వచ్చింది, కూర్చోమన్నాం."

"కట్టినవాళ్ళ అరచేతి గుర్తు ఎక్కడా కనబడదా?"

"నీ వయసులో నేనూ వెతికాను. గాజుపలక అనుకో. ఒక్క వేలి ముద్ర లేదు." తాత ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకెందుకే ఇవన్నీ?"

"ఊరికే," అంది బుర్గ.

శుక్రవారం పొద్దున ఎప్పట్లాగే ముందు పొయ్యి వెలిగించింది. వంటమనిషి అలవాటది, మొహం కడుక్కోకముందే నిప్పు. ఆనక తలుపు తోస్తే కదల్లేదు. కిటికీ వంక చూస్తే అద్దానికి అవతల ఆకాశం లేదు, నీలం రంగు మంచుగోడ ఉంది.

బయట మాటలు గోడలోంచి సన్నగా వినబడ్డాయి.

"బుర్గా! కాఫీ అయిందా?"

"కాఫీ అయింది. తలుపే లేదు!"

"మలుపు నీ పాకను కౌగిలించుకుందే!" సెప్ గొంతు. "పొయ్యి ఆర్పెయ్, ముందు పొయ్యి ఆర్పెయ్!"

అప్పుడు తెలిసొచ్చింది. పొయ్యి సెగ తగిలి గోడ వెనకనుంచి గుల్లవుతోంది. బుర్గ నీళ్ళబిందె ఎత్తి పొయ్యిలో కుమ్మరించింది. ఆవిరి తగ్గేసరికి కిటికీకి ఎదురుగా మంచుగోడలో తలదూరేంత బొరియ ఉంది. బండి బరువంతా వచ్చి ఒరిగే చోట.

కప్పు గవాక్షంలోంచి పైకెక్కి చూస్తే అందరూ కింద నిలబడి ఉన్నారు. లూయీస్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"పార వేస్తే కరుగుతుంది. వేయకపోతే పందెం లేదు," అన్నాడు.

"పార వేయొద్దన్నారు గానీ చెయ్యి వేయొద్దని ఎవరన్నారు?" అంది బుర్గ.

ఆమె మళ్ళీ కిందికి దిగింది. పిండి కలిపే తొట్టిలోకే కప్పు మీది మంచు దింపి, సరస్సు నీళ్ళు పోసి పిసికింది. ఉండలకు పిండి ఎప్పుడు సరిపోయిందో వేళ్ళకు తెలిసినట్టే, ఇదీ తెలిసింది. కిటికీ తెరిచి ముద్ద వెంట ముద్ద బొరియలో పెట్టి, చలికి వేళ్ళు మొద్దుబారితే చంకలో పెట్టుకుని, మళ్ళీ మెత్తింది. సాయంత్రానికి గవాక్షంలోంచి తాడు మీద గోడ ముందుకు దిగి, తొడుగులు తీసేసి, అరచేత్తో నునుపు చేసింది.

మర్నాడు పొద్దున గోడ రాయిలా గడ్డకట్టి ఉంది. సెప్ చెక్కబండి మోసుకొచ్చాడు.

"నేను జారతాను నాన్నా. అతుకు ఊడితే బుర్గ ఎముకలు మిగలవు."

"కట్టిన చెయ్యే ముందు," అన్నాడు విగిల్ తాత.

లూయీస్ బుర్గ వేళ్ళ వంక చూశాడు. ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. "పో," అన్నాడు.

కొండ నెత్తిన గంట కొట్టారు. బుర్గ చెక్కబండి మీద బోర్లా పడుకుంది. గడ్డం మంచుకు బెత్తెడు ఎత్తులో ఉంది. గుర్రపులాడంలో ఒళ్ళంతా ఇసుకబస్తాలా బరువెక్కింది. ఆ వెంటనే నీలపు గోడ లేచి నిలబడింది. బండి పాక ఎత్తుకు ఎక్కి, సరిగ్గా అతుకు మీద ఒరిగింది. ఏదో టక్కుమంది. కానీ గోడ వెనక్కి పోలేదు. నిద్రలో పిల్ల దొర్లితే తల్లి సర్దుకున్నట్టు, ఆమె వైపే కాస్త జరిగి, బరువు పుచ్చుకుని, మెల్లగా తిన్నటి దారిలోకి వదిలింది.

కింద బండి ఆగాక దాని మీదే లేచి కూర్చుని నవ్వింది.

ఆదివారం పందెం ఆ మలుపు మీంచే సాగింది. ఆ చలికాలమంతా వంటపాకలో పొయ్యి వెలగలేదు. ముఠా స్టేషను హోటల్లో తిని, ఉప్పెక్కువైందని రోజూ తిట్టుకుంది. బుర్గ రోజూ మలుపును నిమిరి చూసుకుంది. జామ్ ఫ్యాక్టరీకి క్రిస్మస్ ముందే కాదని కబురు పంపింది.

మరుసటి డిసెంబరులో అందరి మలుపులూ లేచాయి. పిలవని మలుపు రాలేదు. ఎవరూ "వచ్చిందా" అని అడగను కూడా లేదు. ఒక పొద్దున ముఠా అంతా పారలు దించి బుర్గ వంక చూసింది.

ఆమె బాట వెంట పైకీ కిందికీ నడిచింది. తొడుగు తీసి అక్కడా ఇక్కడా మంచు మీద అరచెయ్యి ఆనించింది. దేవదారుల నీడ దాటాక ఒకచోట మంచు ఆమె చేతిని వెంటనే వదల్లేదు.

"ఇక్కడ," అంది.

లూయీస్ బాబాయి నీళ్ళగొట్టం లాక్కొచ్చి ఆమె చేతికిచ్చాడు.